అదే పాట తెరమీద కళ, స్టేజీ మీద నేరం

తిరునాళ్ళ రోజులొచ్చాయంటే కావలి నుంచి తడ దాకా, పాత నెల్లూరు జిల్లా తీరం వెంబడి ఎక్కడో ఒక ఊళ్ళో రికార్డింగ్ డాన్స్ ఉంటుంది. మర్నాడో ఎల్లుండో పేపర్లో వార్త ఉంటుంది. 'అశ్లీల నృత్యాలు', 'పోలీసుల దాడి', 'పట్టుబడిన యువతులు'. చందాలు పోగుచేసి స్టేజీ కట్టించిన పెద్దమనుషుల ఫోటో ఉండదు. మొహానికి చున్నీ అడ్డం పెట్టుకున్న ఆడపిల్లల ఫోటో ఉంటుంది. మహిళా సంఘాల నుంచి ఒక ఖండన ప్రకటన వస్తుంది. అక్కడితో ఆ వార్త ముగుస్తుంది. ఆ అమ్మాయిల కథ ఎక్కడ ముగుస్తుందో మనం అడగలేదు.

గ్రామఫోన్ రికార్డు వేసి దానికి తగ్గట్టు ఆడేవాళ్ళు గనుక దానికా పేరు వచ్చింది. రికార్డు పోయి టేపు వచ్చింది, టేపు పోయి సీడీ, అదీ పోయి పెన్‌డ్రైవ్. ఇప్పుడు వెనక ఎల్‌ఈడీ తెర కూడా పెడుతున్నారు. తెరమీద సినిమా ముక్క నడుస్తుంటే, ముందు అదే హీరో 'డూప్', అదే హీరోయిన్‌లా తయారైన అమ్మాయి. ఒక పాట పల్లవికి ఇంకో పాట చరణం అతికిస్తారు, నడుమ డప్పు కలుపుతారు, జనం ఈల వేస్తే వేగం పెంచుతారు. పట్నాల్లో పెద్ద హోటళ్ళలో కుర్రాళ్ళు కంప్యూటర్ ముందు నిలబడి సినిమా బొమ్మల్నీ పాటల్నీ అక్కడికక్కడే కలిపి ఆడిస్తే దాన్ని కొత్త కళ అంటున్నారు. టికెట్టు పెట్టి చూస్తున్నారు. మన ఊళ్ళ స్టేజీల మీద ఆ పని కంప్యూటర్ రాకముందే జరిగింది. కాకపోతే చేసేది పేద ఆడది.

సినిమావాళ్ళు చేస్తే తప్పు లేదు. యమగోల (1977) లోని యుగళగీతాన్ని యమదొంగ (2007) లో రీమిక్స్ చేస్తే తాతకు మనవడి నివాళి అని మురిసిపోయాం. సెన్సారు బోర్డు సర్టిఫికెట్ ఇచ్చిన పాట, ఇంటిల్లిపాదీ టీవీలో చూసిన పాట, అదే నడుము ఊపుడుతో ఊరి నడుమ ఒక అమ్మాయి ఆడితే కేసు. పాత శిక్షాస్మృతిలో 294, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 296. మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ అడుగులు నేర్పిన డాన్సు మాస్టరుకీ, పాట రాసిన కవిగారికీ ఈ సెక్షన్‌తో పనిపడదు.

మనకి ఈ డాన్సులంటే కోపం ఊరికే రాలేదు. స్టేజీ చుట్టూ తాగుడు, బట్టలు విప్పమని కేకలు, విప్పితేగాని మిగతా డబ్బు ఇవ్వననే కమిటీ, ఇవన్నీ ఉన్నాయి. సారా మీద పోరాడిన నేల ఇది. దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్ళింది. ఆ చూపుతోనే మనం రికార్డింగ్ డాన్స్‌ని కూడా చూశాం. కానీ అక్కడ సారాకొట్టుని మూయించాం. ఇక్కడ మూయించేది ఒక ఆడదాని కూలిని. ఈ తేడా మనం గమనించుకోలేదు. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం దగ్గర కూడా ఇంతే. దేవుడికి అంకితం చేయడాన్ని ఆపింది, ఆపాల్సిందే. ఆట తప్ప వేరే పని తెలియని కళావంతుల ఆడవాళ్ళు రేపట్నుంచి ఏం తిని బతకాలో మాత్రం చెప్పలేదు.

బొంబాయి అనుభవం మనకి పనికొస్తుంది. 2005లో మహారాష్ట్ర ప్రభుత్వం బార్లలో డాన్సు నిషేధించింది. మూడు నక్షత్రాల హోటళ్ళు, అంతకు పైవాటిని మాత్రం మినహాయించింది! అప్పుడు మహిళా సంఘాల్లోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. ఫ్లేవియా ఆగ్నెస్ లాంటి స్త్రీవాద న్యాయవాదులు డాన్సర్ల పక్షాన కోర్టుకెక్కారు. 2006లో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, 2013లో సుప్రీంకోర్టు అది సరైనదేనంది. దాదాపు 75 వేల మంది ఆడవాళ్ళు పని పోగొట్టుకున్నారన్న లెక్క ఆ తీర్పులోనే ఉంది. వాళ్ళలో చాలామంది వ్యభిచారంలోకి వెళ్ళాల్సి వచ్చిందని కూడా కోర్టు గుర్తించింది. ఆడవాళ్ళ గౌరవం పేరుతో తెచ్చిన చట్టం చేసిన పని ఇది.

మరి నగ్నంగా ఆడించడాన్ని సమర్థించాలా? అక్కర్లేదు. బలవంతం చేసినవాడి మీద కేసు పెట్టమందాం. వాడు సాధారణంగా ఆ ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడే, మన సంఘానికి హాలు ఇచ్చేవాడు కూడా కావచ్చు. అందుకే అది కష్టం.

చట్టాలు లేకపోలేదు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం అసంఘటిత రంగానికీ వర్తిస్తుంది. పనికి తీసుకెళ్ళే వ్యాను కూడా ఆ చట్టం దృష్టిలో పనిస్థలమే. పదిమంది లోపు పనిచేసే చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లాలో ఉండాల్సిన లోకల్ కమిటీకి వెళ్ళవచ్చు. రాయలేని మనిషికి రాసిపెట్టడం ఆ కమిటీ బాధ్యత. ఒక డాన్సు పార్టీ అమ్మాయి మేనేజరు మీదో డ్రైవరు మీదో అక్కడ ఫిర్యాదు ఇవ్వగలదని మనలో ఎంతమందిమి ఎవరికైనా చెప్పాం?

ఇంకొకటి, ఇది మరీ కొత్త బాధ. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోన్ ఉంది. ఒక రాత్రి ఆడిన ఆట యూట్యూబ్‌లోకెక్కి ఏళ్ళ తరబడి ఉంటుంది. పెట్టినవాడికి డబ్బు వస్తుంది. ఆమెకి వచ్చేది పిల్లల బడిలో, అద్దె ఇంటి ఓనరమ్మ దగ్గర అవమానం. కాపీరైటు చట్టంలో 1994 సవరణ 'ప్రదర్శకులు' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో గాయకులు, నటులతో పాటు నర్తకులూ ఉన్నారు, పాములాడించేవాడు కూడా ఉన్నాడు. స్టేజీ మీద ఆడేటప్పుడు మాత్రమే ఆడాలన్న నియమం లేదు గాని, 2012లో చేర్చిన 38ఎ ప్రకారం తన ప్రదర్శనను వీడియో తీయడానికీ, జనానికి చూపడానికీ అనుమతించే హక్కు ప్రదర్శకురాలిది. ఆ హక్కు యాభై ఏళ్ళు ఉంటుంది. సొంతానికి తీసుకుని దాచుకుంటే తప్పుకాదు, అప్‌లోడ్ చేస్తే తప్పే. పాట సినిమావాళ్ళది కావచ్చు, ఆడిన ఒళ్ళు ఆమెది, ఆ ఆట ఆమెది.

రాబోయే తిరునాళ్ళకి ముందు మండల స్థాయిలో సంఘాల వాళ్ళు ఒక పని చేయవచ్చు. ఎస్‌ఐకి నిషేధించమని వినతిపత్రం ఇచ్చే బదులు, అనుమతి ఇచ్చే కాగితంలోనే కొన్ని షరతులు రాయించాలి. డబ్బు మొత్తం ఆట మొదలయ్యేముందే ఇవ్వాలి. బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఉండాలి. కెమెరాలు కూడదని మైకులో చెప్పాలి. తెల్లవారుజామున వాళ్ళని ఇంటికి చేర్చే బాధ్యత కమిటీది కావాలి. ఈ షరతులు ముందు ఆ అమ్మాయిలకి చదివి వినిపించి, ఏవి తీసేయాలో ఏవి చేర్చాలో వాళ్ళనే అడగాలి.