మందు మందేనా?

మన భాషలో డాక్టరు రాసేదీ మందే, బారులో పోసేదీ మందే. ఇది నాకు మొన్నటిదాకా జోకు. పోయిన వారం నాన్న ఫోన్ చేసి, "ఒరే, రాత్రిళ్ళు ఆ రెడ్ వైన్ కొంచెం పుచ్చుకోమంటావా? గుండెకి మంచిదన్నావుగా" అని అడిగేసరికి నవ్వు రాలేదు.

నిజమే, అన్నాను. రెండేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చినప్పుడు నా చేతిలో గ్లాసు చూసి ఆయన మొహం చిట్లిస్తే, తప్పించుకోడానికి అనేశాను. జన్మలో చుక్క ముట్టని మనిషి, పైగా ఇరవై ఏళ్ళుగా షుగరు. అమెరికాలో చదివిన కొడుకు చెప్పాడు కదా అని నమ్మేశారు.

ఆ మాట నా సొంతం కాదులెండి. వెన్న, చీజ్ దండిగా తినే ఫ్రెంచివాళ్ళకి గుండెజబ్బులు తక్కువని, అది రెడ్ వైన్ మహిమ కావచ్చని 1991లో ఇక్కడి సీబీఎస్ టీవీ '60 మినిట్స్'లో చెప్పారు. అప్పట్నుంచి ప్రతి పార్టీలో ఇదే పాట. అంతకుముందు మాత్రం సాకులు లేవా? 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్నప్పుడు ఇదే దేశంలో డాక్టరు చీటీ చూపిస్తే మందుల షాపులో విస్కీ ఇచ్చేవారు!

అసలు లొసుగు లెక్కలో ఉంది. చాలా సర్వేల్లో ఒంట్లో బాగాలేక మానేసినవాళ్ళని కూడా 'తాగనివాళ్ళ' గుంపులో కలిపేశారు. వాళ్ళ పక్కన కొంచెం తాగేవాళ్ళు ఆరోగ్యంగా కనపడరూ మరి? బగ్ బేస్‌లైన్‌లోనే ఉందన్నమాట. వాళ్ళని విడదీసి చూస్తే ఆ లాభం చాలావరకు కరిగిపోతుంది.

నష్టం మాత్రం కరగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే మద్యాన్ని మొదటి తరగతి క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. కనీసం ఏడు రకాల క్యాన్సర్లతో దీనికి సంబంధం ఉందని 2025 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్ హెచ్చరించారు. నాన్నలాంటి వాళ్ళకి ఇంకో చిక్కు. ఆల్కహాలుని వదిలించుకునే పనిలో పడిన లివరు రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిస్తుంది. దానికి కొన్ని రకాల షుగరు మాత్రలు తోడైతే రాత్రి నిద్రలోనే షుగరు పడిపోవచ్చు.

అలాగని ఆల్కహాలు అసలు మందే కాదనను. చేతులకి రాసుకుంటే క్రిములు చస్తాయి. నీళ్ళు కలిసిన 70 శాతమే స్వచ్ఛమైనదానికన్నా బాగా పనిచేస్తుంది. కల్తీసారాలోని మిథనాల్ కళ్ళు పోగొడుతుంటే, దానికి విరుగుడుగా ఆస్పత్రిలో కొలిచి ఎక్కించేదీ ఈ ఆల్కహాలే. డాక్టరు, కొలత, కారణం ఉంటే అది మందు. శనివారం రాత్రి మనం పోసుకునేది సరదా. తాగేవాళ్ళని తాగొద్దనడానికి నేనెవర్ని? గుండె పేరు మాత్రం చెప్పొద్దంటాను. మన సాకుని నిజమనుకునేవాళ్ళు ఇంట్లోనే ఉంటారు.

నాన్నకి మళ్ళీ ఫోన్ చేశాను. "మీరు ముట్టుకోవద్దు నాన్నా, అప్పుడు నేను సాకు చెప్పాను" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "మరి నువ్వో?" అన్నారు.

తగ్గిస్తానన్నాను. ఈసారి సాకు కాదు.