రేపటి కాపరి నేడెక్కడ?



ఒక వర్షాకాలమున మేము జ్వరముతో మంచము పట్టితిమి. ఆదివారము ఆరాధన నడిపించువారు లేక సంఘస్థులు ఒక పాట పాడుకొని ఇండ్లకు వెళ్లిపోయిరి. తప్పు వారిది కాదు, మాదే. ప్రార్థన మేమే, ప్రసంగము మేమే, లెక్కల పుస్తకమును మేమే. యౌవనస్థులకు చాపలు పరచుట తప్ప మరేమి అప్పగించితిమి?

1909లో దోర్నకల్ వచ్చిన అజరయ్యగారు తమిళులైనను తెలుగు నేర్చుకొనిరి. పల్లెల భార్యాభర్తలకు కలిపి తర్ఫీదునిచ్చి ఊరూరికి పంపిరి. 1912లో బిషప్ అయిన తరువాతను ఆ పని విడువలేదు.

పౌలు తిమోతికి నేర్పి ఊరకుండలేదు. అతడు నమ్మకమైన వారికి, వారు మరికొందరికి నేర్పవలెనని కోరెను (2 తిమోతి 2:2).

ఇప్పుడు మా సంఘములో కూలికి వెళ్లు ఒక తమ్ముడు వాక్యము చెప్పుచున్నాడు. మొదటి దినమున మధ్యలో తడబడెను. మేము లేవబోయి, మరల కూర్చుంటిమి. అతడే ముగించెను.

పెద్దలారా, నెలకొక ఆదివారమైనను చిన్నవారికి అప్పగించుడి. తల్లిదండ్రులారా, సేవకు వెళ్లెదనను బిడ్డను "తిండి ఎట్లు?" అని వెనుకకు లాగకుడి. ప్రార్థించి పంపుడి.