లావెండర్ తైలం వాసనకే, తాగడానికి కాదు

ప్రశ్న: నా వయసు 54. రెండేళ్ళుగా రాత్రి పడుకునేముందు అల్ప్రజోలం మాత్ర వేసుకుంటే గాని నిద్ర పట్టడంలేదు. బెంగుళూరులో ఉన్న మా కోడలు లావెండర్ తైలం తెచ్చి ఇచ్చింది. పాలలో నాలుగు చుక్కలు కలుపుకుని తాగితే మాత్రలతో పనే ఉండదని పక్కింటావిడ అంటున్నారు. మాత్రలు మానేసి ఇది మొదలుపెట్టవచ్చా? మూడేళ్ళ మనవడికి కూడా రాయవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ తైలం తాగకండి. మాత్ర ఒక్కసారిగా మానకండి. మనవడికి రాయకండి. వాసన పీల్చడమంటారా, మీకు ఉబ్బసం లేకపోతే నిరభ్యంతరంగా పీల్చండి.

లావెండర్ మధ్యధరా సముద్రతీరపు కొండల మొక్క. మన దేశంలో జమ్మూ కాశ్మీర్‌లోని భదర్వా ప్రాంతపు రైతులు కూడా పండిస్తున్నారు. పేరు కొత్తగా ఉన్నా దాని చుట్టాలు మన పెరట్లోనే ఉన్నాయి. తులసి, పుదీనా, మరువం అదే కుటుంబానివి. దాని ఊదారంగు పూలనుంచి ఆవిరి సాయంతో తైలం తీస్తారు. అందులోని లినలూల్ అనే పదార్థానికి నరాల ఉద్రేకాన్ని కొంత తగ్గించే గుణం ఉన్నట్లు ప్రయోగాలు సూచిస్తున్నాయి.

జర్మనీలో 80 మిల్లీగ్రాముల లావెండర్ తైలంతో మందుగా తయారుచేసిన క్యాప్సూల్స్ ఉన్నాయి. ఆరునుంచి పది వారాలు జరిపిన పరీక్షల్లో వాటివల్ల పెద్దవాళ్ళకు ఆందోళన తగ్గింది. అలాగని బజారు సీసాలోని తైలం తాగవచ్చని కాదు. ఆ క్యాప్సూల్‌లో తైలం నాణ్యతా, మోతాదూ కొలిచినవి. సీసా తైలం వాసనకోసం అమ్మేది. కొన్నిటిలో పువ్వు అన్నదే ఉండదు, కృత్రిమ పరిమళం మాత్రమే ఉంటుంది.

మీరు చేయవలసిందల్లా ఇది. చిన్న దూది ఉండపై ఒకటి రెండు చుక్కలు వేసి దిండుకు కాస్త ఎడంగా పెట్టుకోండి. తేలికపాటి చికాకు, ఆదుర్దా ఉన్నవాళ్ళకు మనసు కుదుటపడి నిద్రకు సాయపడవచ్చు. ఒంటికి రాసుకోదలిస్తే ఆరు చెంచాల కొబ్బరినూనెలో పది చుక్కలకు మించకుండా కలపండి. ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు వస్తే మానేయండి. పాతబడిన తైలంతో ఇలాంటి ఎలర్జీ ఎక్కువ.

చంటిపిల్లలున్న ఇంట్లో ఈ సీసాను మందులతోపాటు తాళంవేసిన అలమారలో పెట్టాలి. పొరపాటున బాబు తాగితే కిరసనాయిలు తాగిన పిల్లలకు తీసుకునే జాగ్రత్తే దీనికీ. వాంతి చేయించకండి. అలా చేయిస్తే తైలం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇక మాత్రల సంగతి. రెండేళ్ళు అలవాటుపడిన శరీరానికి అల్ప్రజోలం హఠాత్తుగా ఆపేస్తే నిద్ర మరింత చెడుతుంది. గుండెదడ, వణుకు, ఒక్కొక్కరికి ఫిట్స్ కూడా రావచ్చు. మానాలన్న మీ ఆలోచన మాత్రం మంచిదే. ఎంతకాలమైనా వేసుకోదగ్గ మాత్ర కాదది. డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాలో నెలలో పట్టినా కొద్దికొద్దిగా తగ్గించాలి. మాత్ర వేసుకుంటున్న రోజుల్లో లావెండర్ తైలం కడుపులోకి తీసుకుంటే మత్తు పెరిగే అవకాశమూ ఉంది.

అసలు నిద్ర ఎందుకు పట్టడంలేదో మీరు రాయలేదు. మీ వయసులో ముట్లు ఆగిపోయాక ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు వచ్చి అర్ధరాత్రి మెలకువ రావడం మామూలు. థైరాయిడ్ ఎక్కువైనా, గురక పెట్టి ఊపిరి ఆగుతున్నా నిద్ర చెడుతుంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, దేనిమీదా ఆసక్తి లేక, దిగులుగా రెండు వారాలకు పైగా ఉంటే అది మానసిక కుంగుబాటు కావచ్చు. దానికి మంచి వైద్యం ఉంది, సిగ్గుపడవలసిన జబ్బు కాదు. ఇవేవీ తైలపు వాసనకు లొంగేవి కావు.

మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ, టీ మానండి. పగటి నిద్ర అరగంట మించనీయకండి. రాత్రి ఏవేళకు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవండి. ఈ వారంలోనే మాత్రల చీటీ తీసుకుని మీ డాక్టరుగారి దగ్గరకు వెళ్ళి, మాత్ర తగ్గించే పద్ధతి రాయించుకోండి. థైరాయిడ్ పరీక్ష సంగతి కూడా అడగండి.