మెస్సీ వెళ్లిపోయాక

2025 డిసెంబర్ 13న మెస్సీ హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికి వచ్చి వెళ్లాడు. ఆ సందడిలో పాత వాదనే మళ్లీ లేచింది: తెలుగునాట ఫుట్‌బాల్ బతకాలంటే పెద్ద క్లబ్బు, పెద్ద స్టార్ కావాలి, జిల్లా లీగులు, ఊరి టోర్నీలు దండగ. ఇది తప్పుడు వాదన.

పెద్ద క్లబ్బు మనకూ వచ్చింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు ఎత్తింది. ఆ తర్వాత డబ్బు కష్టాలు చుట్టుముట్టి 2023-24లో పట్టికలో అట్టడుక్కి పడిపోయింది. 2025లో ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. కప్పు గెలిచిన జట్టు ఊరు విడిచిపోతే, జిల్లాల్లోంచి ఎగబాకి ఆ చోటు అందుకునే జట్ల వరస మనకు లేదు.

ఒకప్పుడు హైదరాబాద్‌కు ఆ వరస ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. బలహీనమైన కాలితోనే బంతి తన్నాలని ఒక టోర్నీ, డ్రిబ్లింగ్ చేయకూడదని ఇంకో టోర్నీ పెట్టి స్థానిక కుర్రాళ్లను సానబట్టాడు. భారత జట్టుకు ఆడిన అమ్ముగూడ పేదింటి తులసీదాస్ బలరాం స్థానిక చిన్న క్లబ్బుల్లోంచే వచ్చాడు. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. రహీం శిక్షణలో భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఈ కథలో విదేశీ స్టార్ ఎక్కడా లేడు.

ఊరి జట్ల బలానికి నెదర్లాండ్స్‌ను ఉదాహరణగా చూపితే, అది ధనిక దేశం, దానితో మనకు పోలికేమిటని అంటారు. డబ్బు సంగతి నిజమే. కానీ అక్కడ స్పాకెన్‌బర్గ్ అనే చేపల రేవు ఊరి ఔత్సాహిక జట్టు 2023లో దేశపు కప్పు పోటీలో ఉట్రెక్ట్ ప్రొఫెషనల్ జట్టును 4-1తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్లిందంటే, ఆ ఊరి జట్టుకు ఏటేటా తప్పకుండా ఆడే లీగు ఉండబట్టే.

ఇక మన నేల సంగతి. కడప జిల్లా తుమ్మలపల్లె లాంటి ఊళ్లో శనక్కాయ పీకేసిన చేనే మైదానం. రెండు జతల చెప్పులు గోల్‌పోస్టులు. బంతి తుమ్మముళ్లలో పడి పంక్చరైతే ఆట అక్కడికి సరి. అక్కడ ఆడే పిల్లవాడు రేపు ఎంత రాణించినా, అతని పేరు రాసుకునే క్లబ్బు రిజిస్టరు ఊళ్లో లేదు.

ఆ రిజిస్టరులో డబ్బు కూడా ఉంది. ఫిఫా నిబంధన ప్రకారం ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బదిలీ అయితే, ఆ సొమ్ములో 5 శాతం అతన్ని 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా తీర్చిదిద్దిన క్లబ్బులు పంచుకుంటాయి. కాగితం మీద క్లబ్బే లేని ఊరికి ఆ వాటాలో పైసా రాదు.

పక్కనే అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు ఏళ్ల తరబడి పల్లె పిల్లలకు మైదానం, కోచ్‌లు, మ్యాచ్‌లు సమకూరుస్తోంది. ఆ పని కడపలో, కర్నూలులో ఎందుకు జరగదు? ప్రతి మండలానికీ ఒక జట్టు, దానికొక రిజిస్టరు, ఏడాదికి ఇరవై మ్యాచ్‌ల పట్టిక ఉంటే చాలు. చెప్పుల మధ్య గోలు కొడుతున్న ఆ పిల్లవాడికి వచ్చే ఆదివారం ఏ ఊరితో ఆడాలో ముందే తెలుస్తుంది.