సారంగధర నాటకమున దోషి యెవరు?

సారంగధర నాటకము కుటుంబముతో కూర్చుండి చూడదగినది కాదని, దాదరులో మనవారు కూడిన యొక సందర్భమున పెద్దలొకరు నిష్కర్షగా సెలవిచ్చిరి. సవతితల్లి కొడుకును కోరిన కథ మన పిల్లలకేల యని వారి వాదము. వారి వయస్సును గౌరవింతును గాని వాదమును గౌరవింపజాలను. 1957లో భానుమతి చిత్రాంగిగాను, రామారావు సారంగధరుడుగాను, రంగారావు రాజుగాను ఇదే కథ చలనచిత్రమై వచ్చినపుడు తెలుగు కుటుంబములు పిల్లలతోనే చూచినవి. ఎవరును చెడిపోలేదు. ఆ పెద్దలు నాటకమున ఒక్క ప్రేమనే చూచిరి. అందు నాలుగు కలవు. వానిలో మిక్కిలి భయంకరమైనది చిత్రాంగిది కాదు.

కథ మనకు క్రొత్తది కాదు. రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరుడు, తన పావురము చిన్నరాణి చిత్రాంగి మేడపై వ్రాలగా దానికై పోవును. ఆమె కోరును, అతడు తల్లీ యని పిలిచి తిరస్కరించును. ఆమె రాజుతో నేరము చెప్పును. రాజు కొడుకు కాలుసేతులు నరికింప నాజ్ఞ యిచ్చును. (నన్నయను పోషించి 1022 నుండి 1061 వరకు ఏలిన చరిత్రలోని రాజునకు కుమారుడు కులోత్తుంగ చోళుడు. సారంగధరునకు శాసనాధారము లేదు. కనుక నా నింద కథలోని రాజునకే.)

చిత్రాంగి కోరిక తప్పే. అబద్ధము అంతకంటె తప్పు. కాని ఆమెకు మొదట సారంగధరుని చిత్రపటమునే చూపిరనియు, పిదప తండ్రియే పెండ్లాడెననియు చెప్పు పాఠములు కలవు. అట్లయినచో ఆ పిల్ల యిష్టమును అడిగినవారెవరు? క్రీ.పూ. 428లో యూరిపిడీస్ ఏథెన్సులో ప్రదర్శించిన హిప్పోలిటస్ నాటకమునందును సవతితల్లి మోహము ఒక దేవత పెట్టిన చిచ్చు. అక్కడను తండ్రి విచారణ లేకయే శపించును. ఇక రత్నాంగి మాతృప్రేమకు కన్నీరే గాని అధికారము లేదు. కొడుకు పితృభక్తిని మన ఉపన్యాసకులు పొగడి పొగడి, తండ్రి తప్పును దానితో కప్పివేసిరి.

నేను ముప్పదియైదేండ్లు గుమాస్తాగా పనిచేసితిని. పది నిమిషములు ఆలస్యముగా వచ్చిన ప్యూనుకైనను సంజాయిషీ కోరుచు మెమో ఇచ్చుట మేమెరుగుదుము. రాజు కన్నకొడుకునకు ఆ మెమో పాటి మర్యాదయైనను చేయలేదు. ద్వేషముచేతనా? కాదు. కొడుకును ప్రేమించెను, తన కోటను, తన గుఱ్ఱమును ప్రేమించినట్లు. భార్యయు తనదే, బిడ్డయు తనవాడే. తనదైన దానిని ప్రశ్న యడుగుట యెందుకని తలచెను. నరికినది తలారి కత్తి యైనను, ఆ కత్తిని నూరినది ఈ ప్రేమయే.

మన మరాఠీ పొరుగువారు పారాయణ చేయు నవనాథ భక్తిసారమునందు చౌరంగీనాథుని కథ యిట్టిదే. అక్కడ తెగిన కాలుసేతులు సిద్ధుల మహిమచే మరల వచ్చును. తండ్రి తప్పు మాసిపోవును. బళ్ళారిలో సరసవినోదిని సభను స్థాపించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) ఈ ఓదార్పును మనకు దక్కనీయలేదు. విషాదాంతము మన సంప్రదాయము కాదని తెలిసియు, విషాద సారంగధర మని పేరుపెట్టి అట్లే ముగించెను. వృత్తిచే న్యాయవాది గదా. రెండవ పక్షమును వినకుండ చెప్పిన తీర్పును ఏ సిద్ధుడును దిద్దడని ఎరిగినవాడు.

కామాఠిపురమున నేను పెరిగిన చాళులో గోడలకు చెవులే కాదు, నోళ్ళు కూడ నుండెడివి. ఒక యింటి పిల్ల దాదరు స్టేషను వంతెనపై ఎవనితోనో మాటాడుచుండెనని పొరుగావిడ చెప్పినది. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రులు మేలుకొని తడిగుడ్డ వేసిన తండ్రి, ఆనాడు ఆమెనొక్క మాట యడుగలేదు. చదువు మాన్పించి మరునాటి బండికే ఊరికి పంపెను. ఆ కుర్రవాడు పరీక్ష ఫీజు కట్టవలసిన తేదీ చెప్పుచుండెనని పిమ్మట తెలిసినది. అప్పటికే ఆమె మెడలో ముడి పడినది. ఆ యింట చిత్రాంగి లేదు, మోహము లేదు. తండ్రి ప్రేమ యొక్కటే యుండెను.

ఈ నాటకము పిల్లలకు తగదన్నవారు పొరబడిరి. ముందు వరుసలో కూర్చుండవలసినది తండ్రులే. ప్రదర్శనమునకు సమ్మతి లేకున్న పఠనమైనను జరుపుదము. రాజు పాత్ర చదువుటకు ఎవరును ముందుకు రారని వినుచున్నాను. నేను చదివెదను.