పైకి గాయం లేదా? అయినా పోస్టుమార్టం అడగండి!

డ్రైవరన్నలారా, రైతన్నలారా, ఆటోలెక్కి కూలికి పోయే అక్కచెల్లెళ్లారా!

ట్రాక్టరు తిరగబడి స్టీరింగు రొమ్ముకు గుద్దుకుంటుంది. మనిషి లేచి దుమ్ము దులుపుకుని, నాలుగు గుక్కల నీళ్లు తాగి, ‘ఏం కాలేదులే’ అంటాడు. గంట తిరక్కముందే కుప్పకూలుతాడు. చొక్కా విప్పి చూస్తే కమిలిన మచ్చయినా ఉండకపోవచ్చు. ‘గుండె ఆగింది పాపం’ అని ఊరు తీర్పు చెప్పేస్తుంది.

లోపల జరిగింది వేరు. పక్కటెముక విరిగి ఊపిరితిత్తిలో దిగుతుంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని చిరుగుతుంది. ఒక పక్క ఛాతీలోనే లీటరుకు పైగా రక్తం నిండినా బయట చుక్క కారదు. గుండె చుట్టూ ఉన్న సంచిలోకైతే రెండు టీ గ్లాసుల రక్తం ఒక్కసారిగా చేరినా చాలు, గుండె కొట్టుకోలేదు. పిల్లల ఎముకలు వంగుతాయి కనుక, ఒక్కటీ విరక్కుండానే ఊపిరితిత్తి నలిగిపోవచ్చు.

‘కొయ్యొద్దు సారూ’ అని మార్చురీ ముందు బతిమాలుతున్నాం. అక్కడ డాక్టరు చేసేదేమిటి? బట్టల మీద టైరు అచ్చు వెతుకుతారు. చర్మం కింద కమిలిన చోటు చూస్తారు. ఛాతీలో గాలి చేరిందేమోనని నీళ్లు పోసి బుడగలు చూస్తారు, పేరుకున్న రక్తం కొలుస్తారు. బతికించాలని రొమ్ము నొక్కినప్పుడు విరిగిన ఎముకేదో, దెబ్బకు విరిగిందేదో వేరుచేయడానికి చూస్తారు.

ఆ రిపోర్టు లేకపోతే ఇన్సూరెన్సువాళ్లు గుండెపోటంటారు. తన్ని చంపినవాడూ అదే అంటాడు! పోలీసు కస్టడీలో పోయిన మనిషికైతే నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్ 196వ సెక్షను కింద మేజిస్ట్రేటు విచారణ జరగాల్సిందే.

రొమ్ముకు దెబ్బ తగిలితే నొప్పి ఆగిందని ఇంటికి పోకండి, 108కి ఫోను చేయండి. రోడ్డు ప్రమాదమైతే 2025 మే నుంచి కేంద్ర పథకం ఉంది: గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం.

ప్రాణమే పోతే ఆ బట్టలు ఉతకొద్దు, తగలబెట్టొద్దు, పోలీసులకు అప్పగించండి. ‘మాకే అనుమానమూ లేదు’ అని ఎవరో రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టకండి. దహనం కాకముందే రాజీ కుదర్చాలని వచ్చే పెద్దమనుషులకు ఒకటే జవాబు: ముందు పోస్టుమార్టం, తర్వాతే మాట. రిపోర్టు నకలు అడిగి తీసుకోండి.

ఈ కాగితం చదివి పారేయకండి. పక్క ట్రాక్టరు డ్రైవరుకు చదివి వినిపించండి!