సింధుతీరమున పుట్టినవాడు

క్రైస్తవ మతచరిత్రలో పండితులను, పామరులను సమానముగా బాధించిన ప్రశ్న యొకటి కలదు. క్రీస్తు మూలముననే మోక్షమని ఆ మతము బోధించును. అట్లైనచో, క్రీస్తు పేరైనను చెవిని పడకుండ, ధర్మము తప్పక జీవించి మరణించినవాని గతి యేమి? ఇది మతగురువులు తేల్చుకొనవలసిన విషయమని సాహిత్య విద్యార్థులు ప్రక్కకు తొలగుటకు వీలులేదు. న్యాయమునకును కరుణకును పొత్తు కుదురుట యెట్లన్నదే దీని సారము. మహాకవులు పలుమార్లు విచారించినదియు ఆ విషయమునే.

ఈ ప్రశ్నకు నిజమైన వేడి గ్రంథములనుండి గాక బంధుప్రేమనుండి వచ్చినది. 1549లో జపాను చేరి అచ్చట క్రైస్తవమును బోధించిన ఫ్రాన్సిస్ జేవియర్, 1552లో కొచ్చిననుండి వ్రాసిన లేఖలో ఆ దేశపు నూతన విశ్వాసుల దుఃఖమును వర్ణించెను. దేవుడు దయామయుడైనచో ఇంతకాలము తమకీ సంగతి ఏల తెలుపలేదని వారడిగిరి. నరకమున పడినవారికి విముక్తి లేదని విని, తమ తల్లిదండ్రులను, పితరులను తలచుకొని కన్నీరు పెట్టిరి. తానెంతో ప్రేమించిన మిత్రులు మందులేని వ్యథతో ఏడ్చుట చూచి తనకును బాధ కలిగెనని జేవియర్ దాచక వ్రాసెను. సిద్ధాంతమును విడువజాలక, ఏడ్చువారిని ఓదార్పనేరక నిలిచిన ఆ బోధకుని స్థితిలో ఈ సమస్య యంతయు ఇమిడి యున్నది.

కఠిన సిద్ధాంతమునకు ఆధారము లేకపోలేదు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక పదవ అధ్యాయమున, బోధించువాడు లేనిదే వినుట లేదు, విననిదే విశ్వాసము లేదన్న వాదము కలదు. అదే పత్రిక రెండవ అధ్యాయమున, ధర్మశాస్త్రము నెరుగని జనుల హృదయములందును ఆ ధర్మము లిఖింపబడి యున్నదన్న మాటయు కలదు. తరువాతి వాదములు రెండును ఈ ఒక్క ఊటనుండి చీలిన పాయలే. మూడవ శతాబ్దమున కార్తేజి బిషప్పు సిప్రియన్ సంఘమునకు వెలుపల రక్షణ లేదనెను. ఆయన ముఖ్యముగా హెచ్చరించినది సంఘమును చీల్చుకొని పోవువారిని. కాలక్రమమున ఆ మాట ఎన్నడును విననివారిమీదకు కూడ ప్రసరించెను. 1442లో ఫ్లారెన్సు మహాసభ, మరణమునకు ముందు సంఘమున చేరని అన్యమతస్థులకు నిత్యజీవము లేదని శాసించెను.

ఆ మహాసభకు నూరేండ్లకు పైగా ముందే, ఆ ఫ్లారెన్సు నగరమున జన్మించిన కవి యొకడు ఈ ప్రశ్నను తన కావ్యమున నిలిపెను. డాంటే (1265–1321) రచించిన ‘డివైన్ కామెడీ’ స్వర్గఖండము పందొమ్మిదవ సర్గలో, సింధునదీ తీరమున పుట్టిన ఒక మనుష్యుని ప్రసక్తి వచ్చును. అచ్చట క్రీస్తును గూర్చి చెప్పువారు లేరు, వ్రాయువారు లేరు. అతని తలపులును చేతలును నిర్దోషములు. అతడు విశ్వాసము లేక మరణించినచో, అతనిని దండించు న్యాయమెట్టిదని ప్రశ్న. పుణ్యాత్ముల జ్యోతులు కూడి యేర్పడిన గరుడపక్షి దీనికి సమాధానము చెప్పును. దేవుని తీర్పును కొలువ నీవెవ్వడవని మొదట మందలించును. క్రీస్తును విశ్వసింపనివారెవ్వరును ఆ లోకమునకు రాలేదని చెప్పును. అంతటితో ఆగక, క్రీస్తు పేరును బిగ్గరగా పలుకు పెక్కుమంది, తీర్పుదినమున ఆయనను ఎరుగనివానికంటె దూరముగా నుందురని హెచ్చరించును.

తరువాతి సర్గలో ఇంకను ఆశ్చర్యము. క్రీస్తుకు పూర్వమే మరణించిన ట్రాయి వీరుడు రిఫియస్ స్వర్గమున కనబడును. అతడు వర్జిల్ తన ‘ఈనియడ్’ కావ్యమున ధర్మపరుడని కొనియాడిన చిన్న పాత్ర. భగవదనుగ్రహమున అతనికి రానున్న రక్షణ ముందే గోచరించెనని డాంటే చెప్పెను. కాని ఆ పాత్రను సృజించిన వర్జిల్, డాంటేను నరకముగుండ నడిపించి కొండశిఖరము వరకు తెచ్చిన గురువు, స్వర్గద్వారము చేరలేదు. బాధ లేకున్నను ఆశ లేని లింబోయే అతని నివాసము. పాత్రకు మోక్షము, కవికి నిట్టూర్పు! డాంటే సిద్ధాంతమునకు లోబడెను. కాని ఆ లోబడుటలోని వేదనను దాచలేదు. ఏడువందల యేండ్లుగా పాఠకులు వర్జిల్ పక్షమున బాధపడుచునే యున్నారు.

చెప్పని పాఠమునుండి ప్రశ్న నిచ్చి, సమాధానము వ్రాయలేదని శిక్షించు ఉపాధ్యాయుని ఎవరును న్యాయశీలి యనరు. దీనికి కఠినవాదుల ప్రత్యుత్తరమును వినవలెను. శిక్ష విననందులకు కాదు, మనుష్యులందరును చేసిన పాపమునకే యని వారందురు. మాట తర్కబద్ధమే. కాని వ్యాధి అందరిదై, ఔషధము కొన్ని యూళ్లకే చేరినపుడు, చేరని యూరివారిని గూర్చిన ప్రశ్న మిగిలియే యుండును.

1964లో రెండవ వాటికన్ మహాసభ ఈ విషయమున స్పష్టముగా పలికెను. తమ దోషము లేక సువార్త నెరుగనివారు, నిష్కపట హృదయముతో దేవుని వెదకి, అంతరాత్మ చూపిన మార్గమున నడచినచో రక్షణ పొందగలరని చెప్పెను. జర్మను వేదాంతి కార్ల్ రానర్ అట్టివారిని ‘అనామక క్రైస్తవులు’ అనెను. ఉద్దేశము ఉదారమే, కాని తానెన్నడును కోరని పేరును మృతునకు తగిలించుట గౌరవమగునా యన్న ఆక్షేపణ సహేతుకము. మరియొక ప్రక్క, 1974లో లోసాన్‌లో సమావేశమైన సువార్తిక ప్రొటెస్టెంటులు, ప్రకృతి మూలమున కలుగు దైవజ్ఞానము రక్షింపజాలదని ప్రకటించిరి. వాదము ముగియలేదు.

ఇది మనకు దూరపు సంగతియు కాదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతమున వెలుంపల్లి యొద్ద, గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటినుండి ఒడ్డు చేరిన ప్రతివానికిని ఆ వార్త వినకయే కన్నుమూసిన తాతముత్తాతలు కలరు. జపానువారి ప్రశ్న ఆ ఒడ్డునకును చెందును.

విననివారికిని మోక్షము సాధ్యమైనచో బోధ యెందులకని కొందరందురు. మనము బాలునకు పోతన పద్యము నేర్పుట, అది రానివాడు పాపి యని కాదు, అది మధురమని. శుభవార్త నిజముగా శుభమైనచో, దానిని చాటుటకు ఆ కారణమే చాలును. భయము తోడు కానక్కరలేదు.

కావున, మృతుని గతి నిర్ణయింపక దేవునికే విడుచువారి పక్షమే న్యాయమని నా అభిప్రాయము. నోరులేని పితరులపై తీర్పు చెప్పు అధికారము బ్రతికియున్న వారికి లేదు. డాంటే గరుడపక్షి ఆ ప్రశ్నను అడిగినవానివైపునకే త్రిప్పినది. సింధుతీరమున పుట్టినవాడు వినలేదు; వినినవాడు ఏమి చేసెను? ఏ మతమువాడైనను, ఏ ధర్మగ్రంథమును చదివినవాడైనను, తన్ను తాను ముందుగా అడుగుకొనవలసినది ఇదియే.